తోసిన బండి

నలభై ఏళ్ళు మట్టితో కార్లు చేశాను,
ట్యూరిన్‌లో, పో నదికి అవతల,
కిటికీలకు నల్లరంగు పూసిన షెడ్డులో.
మా మట్టి పొలంలో మట్టి కాదు,
మైనం కలిసిన గోధుమరంగు ముద్ద.
వెచ్చబెడితే వెన్నలా లొంగుతుంది,
చల్లారితే గోరు కూడా దిగదు.
ఎంత కడిగినా చేతులు గంధకం కంపు.
రొట్టె అందుకుంటూ రెమీజియో అడిగేవాడు:
"ఇవాళ ఏ దెయ్యానికి ఒళ్ళు రుద్ది వచ్చావు?"

దెయ్యాలే అవి, చాలావరకు.
డెబ్బై ఎనిమిది చలికాలంలో చేసిన దాన్ని మాత్రం
మరిచిపోలేను.
ఎత్తు నా నడుము దాకా కూడా లేదు.
తలుపూ అద్దమూ ఒకే రేకుగా పైకి లేచేవి,
తూనీగ రెక్క విప్పినట్టు.
పక్కన ఒక గీత,
ముందు చక్రం మీద పుట్టి, తలుపు మీదుగా జారి,
వెనక ఎక్కడో, ఫలానా చోట అని చెప్పలేకుండా, మాయమయ్యే గీత.
దానికోసం పదకొండు రోజులు గీకాను.
వెండిరేకు అంటించి దీపం కింద చూస్తే
వెలుగు ఎక్కడో ఒకచోట తడబడేది.
మళ్ళీ గీకు. మళ్ళీ చూడు.
పన్నెండో రోజు తడబడలేదు.
మా పెద్ద మేస్త్రీ బెర్తలోత్ వచ్చి చూసి
టోపీ తీశాడు. ఒక్క మాటా అనలేదు.

ఆ అచ్చులోంచి పోసిన కారుకు ఇంజను లేదు.
స్టీరింగ్ తిరగదు.
దీపాలు వెలుగుతాయి గాని దారి చూపవు.
ప్రదర్శన ముందురాత్రి, బూట్లు విడిచి, మేజోళ్ళతో
నలుగురం తోసి వేదిక ఎక్కించాం.
తెల్లారితే జనం, కళ్ళతోనే నమిలేశారు.
తాడు అవతలి నుంచి ఒక పిల్లాడు అడిగాడు:
"ఇది ఎంత స్పీడు పోతుంది?"
"నువ్వెంత అనుకుంటే అంత" అన్నాను.
అబద్ధం కాదు. నిజమని కూడా అనలేను.
కోయకముందు ద్రాక్ష మీద సన్నటి బూడిదపూత ఉంటుంది చూడండి,
దాని అందమంతా ఆ పూతే.
వేలు పెడితే పోతుంది.

తర్వాత గుడ్డ కప్పి గోదాములో పెట్టారు.
దుమ్ము దులిపే వంకతో వెళ్ళి
ఒకసారి లోపల కూర్చున్నాను,
తిరగని స్టీరింగ్ పట్టుకుని, చాలాసేపు.
సముద్రం దాకా వెళ్ళొచ్చాను.

రిటైరైన ఏడాది రోడ్‌స్టరు కొన్నాను,
ఇవ్రేయాలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర.
"ఈ వయసులోనా? చెవిపోటు కొనుక్కున్నావు" అన్నాడు రెమీజియో,
ఉన్నిటోపీ వెతుక్కుంటూనే.
వానొస్తే గుడ్డటాపు సరిగ్గా అతని భుజం మీదే కారుతుంది.
హీటరు నా ఎడమపాదాన్ని తప్ప ఎవర్నీ పట్టించుకోదు.
రెండో గేరును బతిమాలుకోవాలి.
అయినా కొండమలుపుల్లో
ఆకాశం ఒళ్ళోకొచ్చి కూర్చుంటుంది.
కోసిన గడ్డి, పేడ, ఎవరింట్లోనో వేగుతున్న వెల్లుల్లి,
ఊళ్ళన్నీ ముక్కుతోనే దాటుతాం.
ద్రాక్షతోటల్లో కూలీలు చేతులూపుతారు.
పెద్ద నల్లకార్లకు ఎవరూ ఊపరు, గమనించాను.

అక్టోబరులో, లాంగే కొండల మీద, పొగమంచులో
దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.
రెమీజియో దిగాడు. తిట్లన్నీ వాళ్ళమ్మ యాసలో.
స్టీరింగ్ మీద ఒక చెయ్యి, తలుపు మీద ఒక చెయ్యి వేసి
తోస్తుంటే అరచేతి కింద తగిలింది,
ముందు చక్రం మీద పుట్టి, తలుపు మీదుగా జారే గీత.
నాది కాదు. ఎవరో, ఏ షెడ్డులోనో,
ఎన్ని రోజులు గీకారో.
రంగు పొంగింది, రెండుచోట్ల సొట్టలు,
వెలుగు అడుగడుగునా తడబడుతోంది.
చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు.

"ఏమిటే ఆ నవ్వు?"
"తోయి."

వాలు మొదలైంది.
బండి మాకంటే ముందు కదిలింది.
ఇద్దరం పరిగెత్తాం,
అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో,
చెరో తలుపూ పట్టుకుని,
ఎక్కేద్దామని.